ఇంజన్ భాగాలపై పల్చటి తుప్పు: భాగం పాడవకుండా వదిలించడం ఎలా

ఇంజన్ విప్పుతారు. బోరు (పిస్టన్ నడిచే సిలిండర్ లోపలి గోడ) రీబోర్‌కి, అంటే లేత్ షాపులో మళ్లీ కోయించడానికి వెళ్తుంది, ఏదో ఒక స్పేర్ కోసం ఎదురుచూపు మొదలవుతుంది. మిగతా సామాను అట్టపెట్టెలోనో గోనెసంచిలోనో పడి ఉంటుంది. నాలుగు వానలు పడేసరికి గేర్ల మీద, క్రాంకు మీద, క్లచ్ ప్లేట్ల మీద ఎర్రటి పొర కనిపిస్తుంది. దాన్ని ఎలా తీయాలన్నదే చాలామంది అడుగుతున్న ప్రశ్న. ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా బైకు, స్కూటర్ ఇంజన్ల గురించి. పొలంలో వాడే ఆయిలింజను భాగాలకూ దాదాపు ఇదే పద్ధతి.

ఒక మాట ముందే చెప్పాలి. పల్చటి తుప్పు కంటే, దాన్ని వదిలించే తొందరలో లోపల మిగిలిపోయిన ఇసుకరజను, యాసిడ్, నీరే ఇంజన్‌కు ఎక్కువ చేటు చేయవచ్చు. అందుకే ఇందులో రుద్దడం గురించి కొంచెమే ఉంటుంది, కడగడం గురించి చాలా ఉంటుంది.

1. ఇది పల్చటి తుప్పేనా?

భాగాన్ని వెలుతురులోకి తెచ్చి చూడండి. కొంచెం ఇంజన్ ఆయిల్ రాసి, బనియన్ క్లాత్ ముక్కతో గట్టిగా తుడవండి. గుడ్డకు గోధుమరంగు అంటి, కింద లోహం మెరుస్తూ కనిపిస్తే అది పైపైనే ఉన్న తుప్పు.

తర్వాత ఆ చోట గోరును అడ్డంగా లాగండి. గోరు ఎక్కడా తగలకుండా జారిపోతే సరే. చిన్న గుంటల్లో పట్టుకుంటూ ఉంటే తుప్పు లోహాన్ని తినేసినట్టే. అక్కడ తుప్పును తీయగలం గానీ పోయిన లోహాన్ని తిరిగి తేలేం.

గుంటలు ఎక్కడ ఉన్నాయన్నదే ముఖ్యం. కిక్ షాఫ్ట్ బయటి భాగం మీద నాలుగు గుంటలుంటే నష్టం లేదు. అదే బేరింగ్ కూర్చునే చోట, ఆయిల్ సీల్ పెదవి తగిలే చోట, పిస్టన్ రింగు నడిచే చోట ఉంటే భాగం మార్చాలి, లేదా లేత్ షాపుకి పంపాలి.

2. భాగాలను మూడు కుప్పలు చేయండి

పని మొదలుపెట్టే ముందు ఒక పాత దుప్పటి పరిచి భాగాలన్నీ విడదీయండి. ఈ పది నిమిషాల పనిని దాటేసినవాళ్లే తర్వాత ఇబ్బంది పడతారు.

*మొదటి కుప్ప: నానబెట్టడానికి వీలైనవి.* ఇంకే లోహమూ కలవని, మామూలు ఉక్కు లేదా పోత ఇనుము భాగాలు. కిక్ రాడ్, బ్రాకెట్లు, స్పేసర్లు, ఆయిలింజను ఫ్లైవీల్ లాంటివి.

*రెండో కుప్ప: చేత్తో మాత్రమే శుభ్రం చేయాల్సినవి.* గేర్లు, షాఫ్టులు, వాల్వులను తెరిచే క్యామ్, రాకర్లు, పిస్టన్ తిప్పే ఇరుసయిన క్రాంకు, సిలిండర్ బోరు, వాల్వులు. వీటి కొలతలు, నున్నదనం మారకూడదు. గేర్లు, క్యామ్, హై టెన్సైల్ బోల్టులు గట్టిపరిచిన ఉక్కుతో చేసినవి. యాసిడ్‌లో నానితే ఆ ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసుబారే ప్రమాదం ఉంది. పైకి ఏమీ కనిపించదు, బరువు పడినప్పుడు విరుగుతుంది.

*మూడో కుప్ప: మార్చేయాల్సినవి.* తుప్పు పట్టిన బాల్ బేరింగులు, పిస్టన్ రింగులు, సర్‌క్లిప్పులు (గాడిలో కూర్చునే లాక్ రింగులు), వాల్వ్ స్ప్రింగులు, టైమింగ్ చైను. వీటిని బాగుచేయాలని కూర్చోకండి. బేరింగును కిరోసిన్‌లో కడిగి తిప్పితే బాగానే తిరుగుతున్నట్టు ఉంటుంది. గుండ్లు దొర్లే ట్రాకు మీద కంటికి ఆనని చిన్న గుంట ఒక్కటున్నా, ఇంజన్ బిగించిన కొన్నాళ్లకే గుర్రుమనే శబ్దం మొదలవుతుంది. అప్పుడు బేరింగు ఖర్చుకి ఇంజన్ మళ్లీ విప్పే కూలీ తోడవుతుంది.

అల్యూమినియం భాగాలను అసలు ఈ లెక్కలోకి తీసుకోకండి. క్రాంక్‌కేసు, హెడ్డు, పిస్టన్ మీద కనిపించే తెల్లటి పొడి తుప్పు కాదు. దానికి ఈ ద్రావణాలు పనికిరావు, పైగా హాని చేస్తాయి.

3. కావలసిన సామాను

- కిరోసిన్. దొరక్కపోతే డీజిల్. పెట్రోలు వద్దు, దాని ఆవిరి ఎక్కడో ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది
- ఇత్తడి తీగల బ్రష్, గట్టి నైలాన్ బ్రష్, పాత టూత్‌బ్రష్‌లు
- 400, 600, 1000 నంబర్ల వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం)
- బాగా సన్నని స్టీల్ ఉల్ (ఉక్కు పీచు)
- నిమ్మ ఉప్పు (కిరాణా షాపులో దొరికే సిట్రిక్ యాసిడ్), వంట సోడా
- గిన్నెలు తోమే లిక్విడ్, వేడినీళ్లు
- లోతైన ప్లాస్టిక్ టబ్బు. ఇనుప బకెట్టు, అల్యూమినియం గిన్నె వద్దు
- తెల్లటి నూలు గుడ్డలు, బనియన్ క్లాత్ వేస్ట్
- కొత్త ఇంజన్ ఆయిల్ (మీ బండికి వాడేదే చాలు)
- రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు
- హెయిర్ డ్రయ్యర్ లేదా ఎయిర్ కంప్రెసర్

గ్లవ్స్ చేతుల కోసమే అనుకోకండి, భాగం కోసం కూడా. చెమటలో ఉప్పు ఉంటుంది. శుభ్రం చేసిన ఉక్కును వట్టి చేత్తో పట్టుకుంటే మర్నాటికి వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో గాలిలోనే ఉప్పు ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకాస్త జాగ్రత్త.

4. ముందు జిడ్డు వదలాలి

జిడ్డు మీద ఏ ద్రావణమూ పనిచేయదు. ఆయిల్ పొర ఉన్నచోట తుప్పు అలాగే ఉండి, లేనిచోట మాత్రం పోయి భాగం మచ్చలు మచ్చలుగా తయారవుతుంది.

కిరోసిన్‌లో పావుగంట నానబెట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దండి. పళ్ల సందులు, ఆయిల్ రంధ్రాలు, బోల్టు మరల (త్రెడ్ల) లోపల టూత్‌బ్రష్ పోనివ్వండి. తర్వాత సబ్బునీళ్లతో కడగండి. శుభ్రమైన నీళ్లు పోస్తే భాగం అంతటా పొరలా పరుచుకోవాలి. చుక్కలుగా విడిపోతుంటే ఇంకా జిడ్డు ఉన్నట్టే, మళ్లీ కడగండి.

రెండో కుప్పలోని భాగాలకు ఈ సబ్బునీళ్ల కడుగుడు ఇప్పుడే వద్దు. కిరోసిన్‌తో ఆపండి, రుద్దే పనంతా అయ్యాక చివర్లో కడుగుదాం. క్రాంకును మాత్రం కిరోసిన్‌లో కూడా ముంచకండి, దాని సంగతి 8లో ఉంది.

5. చేత్తో వదిలించే పద్ధతి

పల్చటి తుప్పుకు చాలాసార్లు ఇదే చాలు. ముందు ఇది చేసి చూడకుండా నానబెట్టడానికి వెళ్లకండి.

1. తుప్పు మీద పల్చటి ఆయిల్ గానీ డీజిల్ గానీ రాసి అరగంట వదిలేయండి.
2. గుడ్డతో తుడవండి. ఎంత పోతే అంత పోనివ్వండి.
3. మిగిలినదాన్ని ఇత్తడి బ్రష్‌తో రుద్దండి. ఇత్తడి ఉక్కు కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు.
4. ఇంకా ఉంటే, ఆయిల్‌లో ముంచిన సన్నని స్టీల్ ఉల్‌తో తేలిగ్గా రుద్దండి. పొడిగా రుద్దకండి.
5. ప్రతి రెండు నిమిషాలకు తుడిచి చూడండి. ఎరుపు పోయి నల్లటి మరక మిగిలితే ఆపేయండి.

ఈ ఐదో మెట్టు దగ్గరే చాలామంది ఆగరు. నల్లటి మరక కూడా పోయి అద్దంలా మెరిసేదాకా రుద్దుతూనే ఉంటారు. గోరుకు తగలని నల్ల మరక వల్ల ఇంజన్‌కు ఏ ఇబ్బందీ లేదు. దాన్ని తీయబోతే పోయేది పనికొచ్చే లోహమే. చిన్న ఇంజన్లలో పిస్టన్‌కూ బోరుకూ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే.

డ్రిల్లుకు తీగల చక్రం బిగించి రుద్దడం బ్రాకెట్లకు ఫరవాలేదు. షాఫ్టులకు, గేర్లకు వద్దు. ఆ చక్రం నుంచి తీగలు ఊడి ఎగురుతాయి, కళ్లద్దాలు లేకుండా దాని దగ్గరికి పోవద్దు.

6. నానబెట్టే పద్ధతి (మొదటి కుప్పకు మాత్రమే)

లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలపండి. గోరువెచ్చని నీళ్లయితే త్వరగా పనిచేస్తుంది. వెనిగర్ కూడా వాడవచ్చు గానీ నెమ్మది, వాసన కూడా.

భాగం పూర్తిగా మునగాలి. సగం మునిగి సగం పైకి తేలితే, నీటిమట్టం ఉన్నచోట లోహం మీద గీత పడుతుంది, అది మళ్లీ పోదు.

ప్రతి 20 నిమిషాలకు ఒకసారి తీసి బ్రష్‌తో రుద్ది చూడండి. పల్చటి తుప్పు గంట, గంటన్నరలో వదిలిపోతుంది. ఎరుపంతా పోయాక శుభ్రమైన లోహం మీద బుడగలు కనిపిస్తూ ఉంటే, యాసిడ్ ఇప్పుడు ఇనుమును తింటోందని అర్థం. వెంటనే తీయండి. రాత్రి వేసి పొద్దున చూద్దామన్న ఆలోచన మానుకోండి. పోత ఇనుమయితే పొద్దునకి పైపొర మసిలాగా చేతికి అంటుతుంది.

జింక్ పూత ఉన్న బోల్టులను ఇందులో వేయకండి. తుప్పుతోపాటు పూత కూడా పోతుంది, ఆ తర్వాత అవి ఇంకా త్వరగా తుప్పు పడతాయి. ఇత్తడి బుష్ ఉన్న భాగాన్ని బుష్ తీయకుండా ముంచవద్దు.

యాసిడ్ కాని ద్రావణాలు కూడా ఉన్నాయి. ఎవాపో-రస్ట్ లాంటివి ఇనుము జోలికి పోకుండా తుప్పును మాత్రమే పట్టుకుంటాయి. ఖరీదు ఎక్కువ. కానీ రెండో కుప్పలోని గేర్లకు నానబెట్టడంలో ఇదొక్కటే మినహాయింపు; పళ్ల సందుల్లో బ్రష్ అందని తుప్పు ఉంటే ఆ ఖర్చు దండగ కాదు.

బ్యాటరీ చార్జర్ పెట్టి కరెంటుతో తుప్పు తీసే పద్ధతి గురించి కూడా అడుగుతుంటారు. అది దళసరి తుప్పుకు. పల్చటి దానికి అంత హడావుడి అవసరం లేదు. అయినా చేస్తామంటే మూడు విషయాలు: గాలి ఆడే చోట చేయండి, హైడ్రోజన్ వస్తుంది. పాజిటివ్‌కి స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్క పెట్టకండి, నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది. గట్టిపరిచిన భాగాలు దీనికీ పనికిరావు.

7. కడగడం, ఆరబెట్టడం: ఆగకుండా చేయాల్సిన పని

యాసిడ్ నుంచి తీసిన ఉక్కు నిలువునా బట్టలు విప్పినట్టు ఉంటుంది. తడిగా వదిలేస్తే కళ్లముందే పసుపు ఛాయ ఎక్కి, నిమిషాల్లో ఎర్రబారుతుంది. కాబట్టి కావలసినవన్నీ వరుసగా పెట్టుకున్నాకే భాగాన్ని టబ్బులోంచి తీయండి. ఫోన్ మోగినా ఎత్తకండి. చేత్తో రుద్దిన రెండో కుప్ప భాగాలను (క్రాంకు తప్ప) సబ్బునీళ్లతో కడిగాక, కింది 3వ మెట్టు నుంచి ఇదే వరుస.

1. ధారగా పడే నీళ్లలో బ్రష్‌తో రుద్దుతూ కడగండి.
2. లీటరు నీటికి ఒక పెద్ద చెంచా వంట సోడా కలిపి అందులో రెండు మూడు నిమిషాలు ముంచండి. మిగిలిన యాసిడ్ విరిగిపోతుంది.
3. బాగా వేడిగా ఉన్న నీళ్లతో మళ్లీ కడగండి. భాగం వేడెక్కితే దానంతట అదే త్వరగా ఆరుతుంది.
4. గుడ్డతో అద్ది, వెంటనే గాలి కొట్టండి. రంధ్రాల్లోకి, మరల్లోకి ప్రత్యేకంగా.
5. ఇంకా వెచ్చగా ఉండగానే ఆయిల్ రాయండి.

సందుల్లో నీరు మిగిలిందన్న అనుమానం ఉంటే ఆయిల్ రాసే ముందు డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే కొట్టండి. నీటిని తరిమేస్తుంది. కానీ నెలల తరబడి కాపాడుతుందని దాని మీదే ఆధారపడకండి. దాని మీద ఆయిల్ పడాల్సిందే.

8. ప్రత్యేకంగా చూడాల్సిన భాగాలు

*సిలిండర్ బోరు.* ముందు మీ బండి బోరు ఏ రకమో తెలుసుకోండి. పాత బైకుల్లో చాలావాటికి పోత ఇనుము స్లీవ్ ఉంటుంది. కొన్ని కొత్త బండ్లలో అల్యూమినియం మీద నికెల్ ఆధారిత పూత ఉంటుంది. పూత ఉన్నదాన్ని వాటర్ పేపర్‌తో తాకవద్దు, ఆయిల్ గుడ్డతో తుడవడం వరకే.

ఇనుప స్లీవ్ అయితే 600 వాటర్ పేపర్‌ను ఆయిల్‌లో తడిపి, వేళ్లతో లోపల పట్టుకుని, చేతిని గుండ్రంగా తిప్పుతూ పైకీ కిందికీ కదపండి. ఒకదాన్నొకటి దాటుతూ పడే ఆ సన్నని గీతలే ఆయిల్‌ను పట్టి ఉంచుతాయి. ఒకేచోట నిలిపి రుద్దితే అక్కడ పల్లం పడుతుంది. పిస్టన్ ఆగి ఉన్నచోట అడ్డంగా నల్లటి గీత ఉండి గోరుకు తగులుతుంటే చేతిపనితో కాదు, బోరు లేత్ షాపుకి వెళ్లాలి.

ఇక కడగడం. మన దగ్గర బోరును పెట్రోలుతోనో డీజిల్‌తోనో కడిగి తుడిచేయడం అలవాటు. అవి ఆయిల్‌ను తీస్తాయి గానీ పేపర్ నుంచి రాలిన రజను ఆ సన్నని గీతల్లోనే ఉండిపోతుంది. వేడినీళ్లు, గిన్నెల సబ్బు, గట్టి బ్రష్ పెట్టి రుద్దితేనే పైకి వస్తుంది. ఆరాక తెల్లగుడ్డకు కొద్దిగా ఆయిల్ అద్ది బోరు లోపల తుడవండి. గుడ్డ బూడిదరంగు తిరిగితే మళ్లీ సబ్బునీళ్లు. నాలుగుసార్లు కడగాల్సి వచ్చినా విసుక్కోకండి. గుడ్డ తెల్లగా వచ్చిన తర్వాతే పిస్టన్ సంగతి.

*క్రాంకు.* బైకుల్లో చాలావరకు క్రాంకు ముక్కలుగా చేసి ప్రెస్ కొట్టి బిగించినది. కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు లోపలే చిక్కుకుని ఉంటుంది. మొత్తం క్రాంకును ఏ ద్రావణంలో ముంచినా అది ఆ బేరింగులోకి వెళ్తుంది, పూర్తిగా బయటకు రాదు. అందుకని ఆ బేరింగులో ముందు మంచి ఆయిల్ నింపి, చుట్టూ ఆయిల్ గుడ్డ చుట్టి, ప్లాస్టిక్ కవరుతో కట్టేయండి. ఆయిల్ రంధ్రాన్ని కూడా మూయండి. అప్పుడు బయట వైపులను, షాఫ్టు చివరలను చేత్తో శుభ్రం చేయండి. క్రాంకును సబ్బునీళ్లలో కూడా వేయకండి, కిరోసిన్ గుడ్డతో తుడిచి ఆయిల్ రాస్తే చాలు. రాడ్‌ను పైకీ కిందికీ లాగితే ఆట ఉందనిపించినా, తిప్పితే గరగరమన్నా ఆ బేరింగు చెడిపోయినట్టే.

సీల్ కూర్చునే చోట 1000 పేపర్‌ను సన్నని పట్టీగా కోసి, ఆయిల్‌తో తడిపి, షాఫ్టు చుట్టూ వేసి రెండు కొసలూ పట్టుకుని మార్చి మార్చి లాగండి. పొడవునా రుద్దకండి, ఆ గీతల వెంటే ఆయిల్ బయటికి కారుతుంది.

*క్లచ్ స్టీల్ ప్లేట్లు.* మందమైన గాజు పలక మీద 400 వాటర్ పేపర్ పరిచి, కిరోసిన్ చల్లి, ప్లేటును వేళ్లతో సమానంగా నొక్కుతూ ఎనిమిది అంకె ఆకారంలో తిప్పండి. తుప్పు పోవడమే కాదు, ప్లేటు వంగి ఉంటే ఒకవైపే మెరిసి అదీ బయటపడుతుంది. తర్వాత వట్టి గాజు మీద పెట్టి అంచు కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పోనివ్వండి, వంపు ఎంతవరకు ఫరవాలేదో మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

*వాల్వులు.* కాడ మీద ఆయిల్‌తో తేలిగ్గా తుడిస్తే చాలు. సీటు మీద ఆనే ముఖానికి మచ్చలుంటే వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్‌తో కూర్చోబెట్టాలి.

9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

- బాత్రూమ్ యాసిడ్ వాడటం. తుప్పు నిమిషాల్లో పోతుంది, నిజమే. కానీ అది ఇనుమునూ అంతే వేగంగా తింటుంది. దాని పొగకు అదే గదిలో ఉన్న స్పానర్లు, సాకెట్లు కూడా తుప్పు పడతాయి. ఇప్పటికే వాడి ఉంటే వంట సోడా నీళ్లలో ముంచి, కడిగి, గట్టిపరిచిన భాగమైతే మార్చేయండి. ఆ యాసిడ్‌ను బ్లీచింగ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.
- ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో తోమడం. దాంట్లో రాపిడి రజను ఉంటుంది. అది రాలి ఆయిల్‌తో తిరుగుతూ బేరింగులను తింటుంది. వాడితే బ్రాకెట్ల వరకే. లోపలి భాగానికి వాడి ఉంటే సబ్బునీళ్లు, తెల్లగుడ్డ పరీక్ష.
- కడిగాక మళ్లీ పల్చగా ఎర్రబారడం. కంగారు వద్దు, కొత్తగా నానబెట్టాల్సిన పనిలేదు. ఆయిల్‌తో స్టీల్ ఉల్ ఒక్కసారి తిప్పితే పోతుంది. తర్వాత సందుల్లోంచి స్టీల్ ఉల్ పీచు ఏరేయండి. అయస్కాంతం ఉంటే సులువు.
- రస్ట్ కన్వర్టర్ పూయడం. అది తుప్పును నల్లటి పొరగా మార్చి అక్కడే ఉంచుతుంది. బయటి బ్రాకెట్లకు మంచిదే, పెయింట్ వేసుకోవచ్చు. ఆయిల్‌లో తిరిగే భాగాలకు పూయకూడదు.
- గాస్కెట్ (రెండు భాగాల మధ్య లీకు ఆపే పలుచటి పొర) ఆనే ముఖాన్ని రుద్దడం. పల్లం పడితే గాస్కెట్ ఎంత మంచిదైనా లీకు ఆగదు. అక్కడ ప్లాస్టిక్ స్క్రేపర్, కిరోసిన్ గుడ్డ, అంతే.

10. బిగించేదాకా దాచడం

ఆ రోజే బిగిస్తే సరే. లేకపోతే ఆయిల్ దట్టంగా రాసి, ఒక్కో భాగాన్ని విడిగా జిప్ కవర్లో పెట్టి, గాలి నొక్కేసి మూయండి. సిలికా జెల్ పొట్లం ఉంటే ఒకటి వేయండి. న్యూస్‌పేపర్లో చుట్టకండి, కాగితం తేమను పీల్చి భాగానికి అంటిస్తుంది. గోనెసంచి సంగతి చెప్పనక్కర్లేదు. డబ్బాను సిమెంటు గచ్చు మీద కాకుండా చెక్క మీదో షెల్ఫులోనో పెట్టండి. వానాకాలమైతే పదిహేను రోజులకోసారి తెరిచి చూడండి.

బిగించే ముందు:

- ప్రతి ఆయిల్ రంధ్రంలోంచి గాలి కొట్టి, అవతలివైపు వస్తోందో లేదో చూశారా?
- తెల్లగుడ్డ పరీక్షలో గుడ్డ తెల్లగానే ఉందా?
- మూసిన గుడ్డలు, ప్లాస్టిక్ కవర్లు అన్నీ తీశారా? (క్రాంకు రంధ్రంలో గుడ్డముక్క మర్చిపోవడం విననిది కాదు.)
- రుద్దిన చోట్ల కొలత తీసి మాన్యువల్‌తో సరిచూశారా?
- దాచేటప్పుడు రాసిన పాత ఆయిల్ తుడిచి, కొత్త ఆయిల్ రాశారా?

వాడేసిన నిమ్మ ఉప్పు ద్రావణంలో బుడగలు ఆగేదాకా వంట సోడా వేసి, బాగా పల్చన చేసి పారబోయండి. కిరోసిన్‌ను కాలవలో పోయకండి. డబ్బాలో తేరనిస్తే మురికి అడుక్కి దిగుతుంది, పైది మళ్లీ వాడుకోవచ్చు. ఆయిల్, కిరోసిన్ గుడ్డలను కుప్పగా వేయకుండా, నిప్పుకు దూరంగా ఆరుబయట విడివిడిగా ఆరేయండి.

ఇంజన్ స్టార్ట్ చేశాక మొదటి ఆయిల్‌ను మామూలు గడువు దాకా ఉంచకండి. త్వరగా దించేసి, తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో పట్టి ఎండలో చూడండి. మెరిసే పొడి కాస్త ఉంటే కొత్త రింగులు సర్దుకుంటున్నప్పుడు అది మామూలే. వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరుకుగా తగిలితే మాత్రం బండి నడపడం ఆపి, ఫిల్టర్ విప్పి చూడండి.